మోటారు యంత్రమునకు కొలిమితిత్తి



మా మేనల్లుడొకడు మోటారు పని నేర్చినవాడు. మొన్న సంక్రాంతికి వచ్చినపుడు, భోజనమైన పిమ్మట అరుగుమీద కూర్చుండి నన్నొక సందేహ మడిగెను. “మామయ్యా! నా పాత జీపులోని యంత్రము పూర్తిగా అరిగిపోయినది. దానిని దింపి, ఒక కారులోని పెట్రోలు యంత్రమును తెచ్చి అందు ఎక్కింపదలచినాను. తెచ్చినది టర్బో లేని యంత్రము. పాతసామానుల అంగడిలో టర్బో ఒకటి చౌకగా దొరకినది. రెండును కలిపి బిగించినచో బండి రెండింతల బలముతో లాగదా?”

నేను యంత్రశాస్త్రము చదివినవాడను కాను, చరిత్ర చదువుకొన్నవాడను. అయినను వాని ప్రశ్నకు సమాధానము చరిత్రయందే కలదు. 1962వ సంవత్సరమున అమెరికాలో ఒకే యజమానికి చెందిన రెండు కర్మాగారములు ఇదే పని చేసినవి. అంతకుముందు టర్బో లేక తిరుగుచుండిన రెండు కారు యంత్రములకు టర్బోలు తగిలించి అమ్మినవి. అందొకటి పేరు నిలుపుకొన్నది. రెండవదానినుండి ఆ టర్బోను మూడేండ్లకే ఊడదీయవలసి వచ్చినది. ఏల అట్లు జరిగెనో చెప్పుటకు ముందు, టర్బో అన నేమో, అది ఎట్లు పుట్టినదో కొంత చెప్పవలసియున్నది.

కమ్మరి కొలిమి మనమందఱము చూచినదే. తిత్తి ఊదకున్నను బొగ్గు రగులును. కాని ఇనుము కరగదు. తిత్తి ఊదిన కొలది నిప్పు తెల్లబడును. బొగ్గు అదియే, కొలిమి అదియే. ఎక్కువైనది గాలి మాత్రమే. మోటారు యంత్రము కూడ ఒక విధమైన కొలిమియే. ఒక పౌను పెట్రోలు సరిగా మండుటకు సుమారు పదునైదు పౌనుల గాలి కావలయును. సామాన్య యంత్రము, పిస్టను క్రిందికి దిగునపుడు తనంతట తాను పీల్చుకొన్న గాలితోనే సరిపెట్టుకొనును. అంతకుమించి పెట్రోలు పోసినచో పొగ వచ్చునే గాని బలము రాదు. కావున బలము పెంచవలెనన్న యంత్రమునైనను పెద్దది చేయవలెను, లేదా ఉన్నదానికే తిత్తి కట్టవలెను.

తిత్తిని ఊదువా డెవ్వడు? యంత్రపు బలములోనే కొంత తీసి, పట్టీ వేసి ఊదించుట ఒక మార్గము. అది పూర్వము నుండియు కలదు. అయితే ఇంటి ధాన్యములోనే కొంత కూలి కొలిచినట్లు, లాభములో కొంత తఱుగు తప్పదు. రెండవ మార్గమును స్విట్జర్లాండు దేశపు వింటర్‌తూర్ పట్టణమున 1879లో పుట్టిన ఆల్‌ఫ్రెడ్ బ్యూకి అను యంత్రశిల్పి కనుగొనెను. మనము కొన్న చమురులోని వేడిమిలో ఇంచుమించు మూడవ వంతు పొగగొట్టము వెంట ఊరక పోవుచున్నది. ఆ పొగ వేడిగా, వడిగా పోవుచున్నది గదా! దాని దారిలో గాలిమర వంటి చిన్న చక్రము నుంచి, ఆ చక్రపు ఇరుసు రెండవ కొనకు గాలి ఊదు చక్రమును బిగించినచో, పోవు పొగయే తిత్తి ఊదును. ఈ యూహకు బ్యూకి 1905లో జర్మనీలో పేటెంటు పొందెను. టర్బో అన నిదియే.

ఊహ సులువుగా తోచును. ఆచరణకు ఇరువదియేండ్లు పట్టినది. ఎఱ్ఱగా కాలు పొగకు తాళగల లోహము ఆనాడు లేకుండెను. చివరకు 1920ల నడుమ ప్రాయిస్సెన్, హాన్సెస్టాట్ డాన్జిగ్ అను రెండు జర్మను ప్రయాణికుల ఓడలలోని డీజిలు యంత్రములకు బ్యూకి పద్ధతిని అమర్చిరి. 1,750 అశ్వశక్తి గల యంత్రము 2,500 అశ్వశక్తి నిచ్చెను. అప్పటినుండి సముద్రముమీద ఈ పద్ధతికి తిరుగు లేకపోయెను.

మన పక్షమున దీనిని కన్నులార చూచినవారు చాలమంది యున్నారు. కాజీపేట వైపు రైలులో పోయినవారికి, డీజిలు ఇంజను బరువైన బండిని లాగుటకు బయలుదేరునపుడు భుగభుగమని నల్లని పొగ క్రక్కుట జ్ఞాపకముండును. 1962లో అమెరికా నుండి తెచ్చి, 1964 నుండి వారణాసిలో కట్టిన డబ్ల్యూ.డి.ఎం.2 ఇంజనులవి. పదునాఱు సిలిండర్లు, 2,600 అశ్వశక్తి, టర్బో గలవి. డ్రైవరు పిడి త్రిప్పగనే చమురు వెంటనే సిలిండరులోనికి వచ్చును. పొగ పెరిగి, టర్బో చక్రము వేగమందుకొని, గాలి ఊదుటకు మాత్రము కొంతసేపు పట్టును. ఆ నడుమ చమురు ఎక్కువ, గాలి తక్కువ; అందుచేత నల్లపొగ. చక్రము వేగమందుకొనగనే పొగ పలుచబడును. కార్లు నడుపువారు టర్బో ఆలస్యమనునది ఇదియే.

విమానములకు దీనిని వాడుటలో పేరొందినవాడు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన శాన్‌ఫర్డ్ మాస్. మీదికి పోయిన కొలది గాలి పలుచబడునని మనకు తెలియును. 1918లో ఆయన లిబర్టీ అను విమానయంత్రమును లారీమీద కట్టించుకొని, కొలరాడోలోని పైక్స్ పీక్ అను 14,000 అడుగులు దాటిన కొండ శిఖరమునకు తీసికొనిపోయెను. దిగువ నేలమీద 350 అశ్వశక్తి నిచ్చు ఆ యంత్రము కొండపైని టర్బో లేకుండ 230 మాత్రమే ఇచ్చెను. టర్బో తగిలింపగా 356 ఇచ్చెను. విమానమునకు బదులు కొండను వాడుకొన్న ఆయన తెలివి నాకు మిక్కిలి నచ్చినది.

ఇక్కడ ఒక విషయమును గమనింపవలయును. కొండపైని టర్బో ఆ యంత్రమునకు క్రొత్త బరువేమియు పెట్టలేదు. పోయిన గాలిని మఱల తెచ్చి యిచ్చినది, అంతియే. ఓడలోని డీజిలు యంత్రమునకు వేఱొక సౌకర్యము కలదు. అది ముందుగా గాలిని మాత్రమే అదుమును. చమురు చివరి క్షణమున వచ్చును. కావున ఎంత ఊదినను వేళకాని వేళ మంట పుట్టదు. నేలమీద తిరుగు పెట్రోలు కారునకు ఈ రెండు సౌకర్యములును లేవు. గాలి పలుచన కాదు. పెట్రోలు మొదటినుండియు గాలిలో కలిసియే యుండును. మా మేనల్లుని చిక్కంతయు ఇక్కడనే యున్నది.

పెట్రోలు యంత్రములో పిస్టను అడుగున నున్నపుడు పైనున్న చోటు పదిపాళ్లనుకొందము. అది పైకి వచ్చినపుడు ఆ చోటు ఒక పాలగును. దీనిని పదింటికొకటి అదుము అనవచ్చును. అదుమ నదుమ వేడి పుట్టును. సైకిలు పంపు కొట్టినవాడు దాని కొన ముట్టి చూచినచో తెలియును. ఆ వేడిమి హద్దు మీరినచో, నిప్పురవ్వ రగిల్చిన మంట పోయి చేరకముందే, మూలనున్న పెట్రోలు తనంతట తాను ఒక్కమాఱుగా ప్రేలును. రేకుడబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్లు శబ్దము వచ్చును. పనివారు దానిని నాకింగు అందురు. కొంతసేపట్లో పిస్టనుకు చిల్లి పడవచ్చును, లేదా హెడ్డు గ్యాస్కెట్టు కాలిపోవచ్చును. టర్బో ముందుగానే కొంత అదిమిన వేడిగాలిని పంపును. పైని పిస్టను మఱల పదింటికొకటిగా అదుమును. రెండు అదుములు కలిసిన తరువాత యంత్రము నిలుచునా, నిలువదా యనునదే ప్రశ్న.

ఇక 1962నాటి కథ. జనరల్ మోటార్సు సంస్థలో షెవ్రొలే, ఓల్డ్స్‌మొబైల్ అను రెండు శాఖలు ఆ వసంతమున టర్బో కార్లను తెచ్చినవి.

షెవ్రొలేవారి కారు కార్వెయిర్ మోన్జా స్పైడరు. దాని యంత్రము వెనుక భాగమున నుండును, ఆఱు సిలిండర్లు, 145 ఘనపు అంగుళములు, నీరు లేక గాలితోనే చల్లబడునది. టర్బో లేని తరగతిలో దాని అదుము తొమ్మిదింటికొకటి. బలము 102 అశ్వశక్తి. టర్బో పెట్టునపుడు ఆ శిల్పులు మొట్టమొదట అదుమును ఎనిమిదింటి కొకటిగా తగ్గించిరి. అనగా టర్బో ఊదనపుడు యంత్రము కొంత మందముగా నడచినను సరేయని వారొప్పుకొనిరి. వంకల ఇరుసును గట్టి ఉక్కుతో చేసిరి; కవాటములకు వేడికి తాళు లోహము వాడిరి. 150 అశ్వశక్తి వచ్చెను. 1965లో ఇంకను పెంచి 180 చేసిరి. ఆ కారు పోకడను గూర్చి అమెరికాలో పెద్ద రచ్చ జరిగి, 1969లో దాని తయారీయే నిలిచిపోయినది నిజమే. కాని ఆ రచ్చ చక్రముల అమరికను గూర్చినది; టర్బోను గూర్చినది కాదు.

ఓల్డ్స్‌మొబైల్‌వారి కారు పేరు జెట్‌ఫైరు. దాని యంత్రము చూడ ముచ్చటైనది. అల్యూమినియముతో పోత పోసిన ఎనిమిది సిలిండర్ల యంత్రము; 215 ఘనపు అంగుళములు, అనగా మూడున్నర లీటర్లు. ఇనుపయంత్రములతో పోల్చిన ఎంతో తేలిక. దానికి టర్బో తగిలించి ఘనపు అంగుళమునకు ఒక అశ్వశక్తి చొప్పున 215 రాబట్టిరి. అయితే వారు అదుమును తగ్గింపలేదు. 10.25నకు ఒకటిగానే యుంచిరి. టర్బో ఊదనపుడు కూడ కారు చుఱుకుగా నుండవలెనని వారి కోరిక. తప్పు కోరిక యని నేననను. ఏ కొనుగోలుదారుడు మందముగా నడచు బండిని కోరును? కాని ఆ కోరికకు వెల యేమో చూడుడు.

మన చుట్టు నున్న గాలి చదరపు అంగుళమునకు సుమారు 14.7 పౌనుల ఒత్తిడి గలది. జెట్‌ఫైరు టర్బో దానికి ఇంకొక 5 పౌనులు చేర్చెను. అనగా మూడవ వంతు. ముందే 10.25 అదుము గల యంత్రము దీనిని భరింపలేదు. వారికిని తెలియును. అందుచేత ఒక ఉపాయము పన్నిరి. నీరు సగము, మిథైల్ ఆల్కహాలు సగము, తుప్పుపట్టకుండ కొంచెము మందు కలిపిన ద్రవమును వేఱొక తొట్టెలో నింపి, టర్బో ఊదునపుడు ఆ ద్రవమును గాలిలోనికి చిమ్మించిరి. వేసవిలో తడిపిన వట్టివేళ్ల తడిక గాలిని చల్లబఱచునట్లు, ఆ ద్రవము ఆవిరియై సిలిండరులోని వేడిమిని లాగుకొనును. దానికి టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని ఆర్భాటముగా పేరు పెట్టిరి.

ఉపాయము శాస్త్రసమ్మతమైనదే. యుద్ధకాలపు విమానములలో అట్టిది వాడిరి. కాని విమానమునకు ప్రతి ప్రయాణమునకు ముందు చూచు పనివాండ్రు గలరు. కారునకు యజమాని ఒక్కడే. సంతకు పోవు తొందరలో పెట్రోలు పోయించుకొనుటయే కొందఱు మఱతురు; రెండవ తొట్టెను ఎవరు జ్ఞాపకముంచుకొందురు? తొట్టె ఎండినచో యంత్రము చెడకుండ ఒక కవాటము మూసుకొని టర్బో బలమును అడ్డగించును. అప్పుడు యజమాని, “ఇంత సొమ్ము పోసి కొన్న కారు లాగుట లేదు” అని అంగడివానితో తగవునకు దిగును. రెండేండ్లలో 9,607 కార్లు తయారైనవి. 1963తో జెట్‌ఫైరు ముగిసినది. 1965లో, కోరినవారి కార్లనుండి టర్బోను తీసివేసి సామాన్యమైన కార్బురేటరు బిగింతుమని కంపెనీయే చెప్పినది. అనేకు లట్లు చేయించుకొనిరి. టర్బో ఇంకను నిలిచియున్న జెట్‌ఫైరులు నేడు వెదకి కొనువారికి గాని దొరకవు.

నా యభిప్రాయము చెప్పుదునా? జెట్‌ఫైరు శిల్పులు షెవ్రొలే శిల్పులకన్న తెలివి తక్కువవారు కారు, బహుశః ఎక్కువవారే. కాని వారు యంత్రమును మార్చుటకు బదులు యజమానిని మార్చబోయిరి. యంత్రము లోపలి కొఱతను యజమాని అలవాటుతో పూడ్చవలెనని చూచిరి.

ఆ అల్యూమినియపు యంత్రము కథ అంతటితో ముగియలేదు. ఇక్కడినుండి అది మా మేనల్లుని రెండవ ప్రశ్నకు, అనగా ఒక బండి యంత్రమును వేఱొక బండికి ఎక్కించుటకు, సంబంధించినది. అదే సంస్థలోని బ్యూక్ శాఖవారు ఆ యంత్రమునే కొద్ది మార్పులతో టర్బో లేకుండ వాడుచుండిరి. అమెరికాలో దానిపై మోజు తీరిన తరువాత, 1965లో ఇంగ్లండులోని రోవర్ కంపెనీవారు ఆ బ్యూక్ యంత్రపు హక్కులను కొనిరి. 1967లో తమ పెద్దకారులోను, 1970లో రేంజ్ రోవరులోను పెట్టిరి. అదే కాలమున కెన్ కాస్టెల్లో అను పందెపు డ్రైవరు తన పనిశాలలో ఎం.జి.బి. అను చిన్నకారునుండి నాలుగు సిలిండర్ల ఇనుపయంత్రమును దింపి, ఈ ఎనిమిది సిలిండర్ల యంత్రమును ఎక్కింపసాగెను. అల్యూమినియ మగుటచే క్రొత్త యంత్రపు బరువు పాతదాని బరువునకు దాదాపు సమానమే. అందుచేత ముందుచక్రములపై భారము పెరుగలేదు. కారు నడక చెడలేదు. ఆ పని చూచి 1973లో ఎం.జి. కంపెనీవారే అట్టి కారును తయారు చేసిరి. ఆ యంత్రవంశము 2004 వరకు రోవర్ బండ్లలో సాగెను. టర్బోతో మూడేండ్లు నిలువలేని యంత్రము, టర్బో లేక నలుబదియేండ్లు బ్రదికినది!

టర్బోను సామాన్యుని కారులో స్థిరపఱచినవారు స్వీడను దేశపు సాబ్ కంపెనీవారు. వారి 99 టర్బో 1977లో వచ్చినది. రెండు లీటర్ల యంత్రము, 145 అశ్వశక్తి. వారు షెవ్రొలేవారి దారినే పట్టి అదుమును 7.2నకు దించిరి. అదనముగా, గాలి ఒత్తిడి హద్దునకు రాగానే పొగలో కొంత టర్బో చక్రమును తాకకుండ ప్రక్కదారిని పోవుటకు ఒక కవాటము పెట్టిరి. చెఱువు నిండినపుడు కలుజు పాఱినట్లన్నమాట. తరువాత 1980ల మొదట పెర్ గిల్‌బ్రాండ్ అను వారి శిల్పి నాయకత్వమున, సిలిండరు దిమ్మకు ఒక చెవి వంటి సాధనమును బిగించిరి. గులకరాళ్ల శబ్దము మొదలగుచున్నదని అది వినగానే గాలి ఒత్తిడి తనంతట తాను తగ్గును. జెట్‌ఫైరు యజమాని మఱచిన పనిని ఈ చెవి మఱువదు. నేటి టర్బో కార్లు పదింటికొకటి అదుముతోను నడువగలుగుచున్నవన్న, ఆ చెవియు, గాలిని చల్లార్చు రేడియేటరులును, సిలిండరులోనికే నేరుగా పెట్రోలు చిమ్ము పద్ధతియు కారణము.

ఇదంతయు విని మా మేనల్లుడు కొంతసేపు మాటాడలేదు. మఱునాడు తాను తెచ్చిన యంత్రపు హెడ్డు విప్పి, కొలత పాత్రతో నూనె పోసి చోటు లెక్క కట్టెను. అదుము పదింటికి పైగా తేలినది. పిమ్మట మేమిద్దఱము కాగితము ముందుంచుకొని వ్రాసితిమి. గుంట గల, సుత్తిదెబ్బతో అదిమి చేసిన గట్టి పిస్టనులు కావలెను. దళసరి గ్యాస్కెట్టు వేసి అదుము తగ్గింపవచ్చునని అంగడివాడు చెప్పినాడట; అట్లు చేసినచో మంట చోటు ఆకారము చెడి నాకింగు మఱియొక దారిని వచ్చునని వాడే యొప్పుకొనెను. పెట్రోలు ఎక్కువ చిమ్మవలెను గనుక చిమ్ముగొట్టములు, పంపు, వాటిని నడుపు కంప్యూటరు లెక్కలు మార్చవలెను. టర్బో ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లు తిరుగుచు నూనె పొరమీద తేలునది. దానికి నూనె పోవుదారి, వచ్చుదారి వేఱుగా వేయవలెను. బండి ఆగిన వెంటనే యంత్రము నార్పక, ఒక నిమిషము మెల్లగా తిరుగనిచ్చి ఆర్పు అలవాటు చేసికొనవలెను. లేకున్న ఆ నూనె అక్కడనే మాడి బొగ్గగును. మన లారీడ్రైవర్లలో అనుభవజ్ఞులు ఇట్లే చేయుదురు. పెరిగిన బలమునకు క్లచ్చి, గేరుబాక్సు ఆగవలెను. ఆ జీపు బ్రేకులు పాత యంత్రపు బలమునకు చేసినవి.

అన్నింటి వెల కూడగా, టర్బోతోనే పుట్టిన యంత్రమును తెచ్చుట కన్న ఎక్కువైనది. కర్మాగారమువారు తమ టర్బో యంత్రమునకు వేఱు పిస్టనులు, వేఱు కవాటములు, పిస్టను అడుగున నూనె చిమ్ము ఏర్పాటు ముందే చేసియుందురు. టర్బో గల యంత్రమును, లేనిదానిని ప్రక్కప్రక్కన నుంచిన పైకి ఒకే మాదిరిగా కనబడును. తేడా యంతయు లోపలనే యుండును.

ఇంకొకటి మిగిలినది. బండి పుస్తకములో యంత్రపు నంబరు వ్రాసియుండును. 1988నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, పుస్తకములోని వివరములకు భిన్నమగునట్లు బండిని ఇష్టమువచ్చినట్లు మార్చరాదు. యంత్రము మార్చుటకు నమోదు అధికారి అనుమతి కావలెను. అనుమతి లేకుండ మార్చిన బండి ప్రమాదములో చిక్కిన, బీమా కంపెనీవారు మొదట అడుగునది ఆ నంబరే. మా వాడు ఈ సంగతి యెఱుగడు. అంగడివాడును చెప్పలేదు.

వాడు ఆ టర్బోను తిరిగి అంగడిలో ఇచ్చివేసెను. సగము వెలయే తిరిగి వచ్చినది. అధికారికి దరఖాస్తు వ్రాసి పెట్టినాడు. జీపు యంత్రము లేకుండ మా దొడ్డిలో వేపచెట్టు క్రింద నున్నది. అనుమతి వచ్చిన పిమ్మట గాని క్రొత్త యంత్రమునకు బయానా ఇయ్యనని చెప్పి పోయినాడు.